ఐదో పాటలోని పదకొండు సెకన్లు

తారిణి కొత్త ఆల్బమ్ వచ్చిన శుక్రవారం నుంచీ బెంగళూరు మారతహళ్ళిలోని ఒక ఆఫీసు మూడో అంతస్తులో పనికంటే పోట్లాటే ఎక్కువైంది. పాడిన మనిషి బాగానే ఉంది, పాడించినవాళ్ళూ బాగానే ఉన్నారు. మధ్యలో విన్నవాళ్ళే ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు. లోకం తీరే అంత.

ఆరేళ్ళపాటు తారిణి అంటే ఒక గిటారు, ఒక వేణువు, మెత్తటి గొంతు. ఏ పెళ్ళి వీడియో చూసినా వెనక ఆమె పాటే. అలాంటి మనిషి ఈసారి 'కరెంట్' అని పేరు పెట్టి తొమ్మిది పాటలు చేసింది. గిటారు లేదు, వేణువు లేదు. అంతా కంప్యూటర్లో పుట్టించిన దడదడ, గరగర. మధ్యమధ్య గొట్టంలోంచి వచ్చినట్టు ఆమె గొంతు.

"వాషింగ్ మెషీన్లో రాళ్ళేసి తిప్పినట్టుంది," అన్నాడు లలిత్. విజయవాడ మనిషి, ఆ గుంపుకు పెద్ద. "ఇది పాటైతే మా ఇంట్లో మిక్సీకి కూడా అవార్డు ఇవ్వాలి."

"మీకు ఎక్కలేదు సర్, అంతే," అంది దివ్య. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, తారిణిని ఎవరేమన్నా తన సొంత అక్కను అన్నట్టు లేస్తుంది. "ప్రతిసారీ అదే వాన పాట పాడాలా? ఎక్స్‌పెరిమెంట్ చేసింది. గట్స్ ఉండాలి దానికి."

వీళ్ళిద్దరి మధ్య కుర్చీ నేత్రావతిది. ముప్పై నాలుగేళ్ళు, నెమ్మదైన మనిషి, వాదనకు దిగదు. జనం ఇంటర్నెట్‌లో రాసిన అభిప్రాయాలన్నీ చదివి, మెచ్చినవి ఒకచోట, తిట్టినవి ఒకచోట, అక్కరలేనివి ఒకచోట వేసి, పాటల కంపెనీకి నివేదిక పంపడం ఆ ఆఫీసు పని. తెలుగు, కన్నడం ఆమె వంతు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ సంగతి నేత్రావతికి తెలిసినంతగా పెద్దలకు కూడా తెలిసుండదు.

"మా తారిణిని ఎవరో ఎత్తుకుపోయి రోబోను పంపినారు, వెనక్కి ఇచ్చేయండి" అని ఒకరు. "మొదటిసారి వింటే తలనొప్పి, మూడోసారి వింటే ఆ తలనొప్పే కావాలనిపిస్తోంది" అని ఒకరు. హొసకోటె నుంచి ఒక డ్రైవరు: "పాట నచ్చలేదు గాని నిద్ర రాలేదు, లారీవాళ్ళకు మంచిది." ఇంకొకాయన నాలుగు పేజీల వ్యాసం రాసి, చివరికి తను ఇంకా వినలేదని ఒప్పుకున్నాడు.

అసలు గొడవంతా ఐదో పాట మీద. మూడు నిమిషాల పన్నెండు సెకన్ల దగ్గర, యంత్రాలన్నీ ఒక్కసారి మీదపడుతున్నట్టు మోగుతూ మోగుతూ, పాట టక్కున ఆగిపోతుంది. పదకొండు సెకన్లు ఏమీ ఉండదు. తర్వాత మళ్ళీ రెట్టింపు హోరు. ఫోను పాడైందని దాన్ని అరచేత్తో చరిచినవాళ్ళున్నారు. ఆల్బమ్ మొత్తంలో ఆ పదకొండు సెకన్లే బాగున్నాయని వెక్కిరించినవాళ్ళున్నారు. కళ్ళనీళ్ళు తిరిగాయన్నవాళ్ళూ ఉన్నారు.

సోమవారం మధ్యాహ్నానికి నేత్రావతి ముందు ఏ గూటికీ సరిపడని మాటలు పడసాగాయి.

"ఆగినచోట మా అవ్వ మాట్లాడింది. పిండిమర కాడ నాకేదో చెప్పింది అప్పుడు, మర సద్దులో వినపడలేదు. కమ్మలు పాత రోలు కింద పెట్టినానని చెప్పిందంట. తవ్వి చూసినాము. ఉన్నాయి." ఇది నంజమ్మ అనే ఆమె, ఆనేకల్ నుంచి.

"ఐదు నక్షత్రాలు ఇస్తున్నా. పాటకు కాదు. మా అన్న గొంతుకు."

మూడోది, ఒక్క నక్షత్రం ఇచ్చి ఒకే మనిషి మూడుసార్లు రాసినది: "ఆ పదకొండు సెకన్లు తీసేయండి. ఆమె ఏమనిందో నాకు తెలియకుండా ఉండటమే మేలు. దయచేసి తీసేయండి."

నేత్రావతి ఇవన్నీ 'అక్కరలేనివి' గూట్లో వేసింది. పిచ్చివాళ్ళకు కొదవా ఈ ఊళ్ళో? కానీ మంగళవారానికి అవి నలభై దాటాయి. బుధవారానికి రెండొందలు. ఒకరికొకరు తెలియనివాళ్ళు, ఒకే మాట. యంత్రాల మోతలో ఒకప్పుడు ఎవరో తమతో ఏదో అన్నారు, అప్పుడు వినపడలేదు, ఇప్పుడు వినపడింది.

వాళ్ళలో ఒకడు, జిగణిలో రాళ్ళకు పాలిష్ పట్టే మహబూబ్ బాషా, నమ్మనోళ్ళు ఫోన్ చేయండి అని నంబరు కూడా రాశాడు. నేత్రావతి చేసింది.

"పోయిన రంజాన్‌కు ముందు మేడం," అన్నాడతను. "మా నాయన ఊరినుంచి వచ్చి గేటుకాడ నిలబడినాడు. నేను మిషన్ మీద ఉండా. ఏమో అన్న్యాడు. వినపడల్యా. పో, పో, పనుందని చెయ్యి ఊపినా. ఎల్లిపోయినాడు. నాలుగు దినాలకు పోయినాడు మేడం."

"పాటలో ఏం వినపడింది?"

"'తిన్నావా రా బాషా' అన్న్యాడు. అంతే." అతను ముక్కు చీదుకున్నాడు. "ఆ ఒక్క మాటకు నేను ఆయప్పను చెయ్యూపి పంపిస్తి మేడం."

ఫోను పెట్టేసి నేత్రావతి లలిత్ దగ్గరికి వెళ్ళింది. లలిత్ నవ్వి, పాటల కంపెనీ పంపిన అసలు ఫైలు తెరిచి చూపించాడు. అంతదాకా గజిబిజిగా ఎగిరెగిరి పడుతున్న గీత మూడు నిమిషాల పన్నెండు దగ్గర తిన్నగా చాపలా పరుచుకుంది. "చూశారా? జీరో. నా గొంతూ లేదు, మీ గొంతూ లేదు, దేవుడి గొంతూ లేదు. అక్కడ ఏమీ లేదు నేత్రా గారూ," అన్నాడు. ఫైలు మూసే ముందు, సరదాకన్నట్టు, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని అక్కడికి లాగి వదిలాడు.

పదకొండు సెకన్లయ్యాక లలిత్ హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. "హెల్మెట్ పెట్టుకుని ఉన్నా నేనప్పుడు," అన్నాడు, ఎవరితోనో. "బండి మీద వెనక కూర్చుని ఏదో అంది. ట్రాఫిక్‌లో సరిగ్గా..." అని ఆపేశాడు. తర్వాత ఆ గూటిని నివేదికలోంచి తీసెయ్యమని చెప్పి, మధ్యాహ్నం మూడుకే ఇంటికి వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు.

నేత్రావతికి అప్పుడు భయం వేసింది. లలిత్‌ను చూసి కాదు. ఇంట్లో ఉన్న అమ్మను తలుచుకుని.

ఇక్కడ నేత్రావతి సంగతి కొంచెం చెప్పాలి. వాళ్ళది దొడ్డబళ్ళాపురం. ఇంట్లోనే నాలుగు మరమగ్గాలు. మరమగ్గాలున్న ఇంట్లో పుట్టినవాళ్ళకు నోటితో మాట్లాడటం తర్వాత వస్తుంది, పెదాలు చదవడం ముందు వస్తుంది. ఆ దడదడలో పక్కన పిడుగు పడ్డా తెలియదు. కాబట్టి ఈ మూలనుంచి ఆ మూలకు పెదాలు కదిపి చూపిస్తారు, అవతలివాళ్ళు చదువుకుంటారు. పెద్ద సంగతులేమన్నా ఉంటే "కరెంటు పోయినంక చెప్తా" అని దాచుకుంటారు. ఇంకొక పద్ధతి కూడా ఉంది. ఒకరి మాట వద్దనుకుంటే చెవులు మూసుకోనక్కర్లేదు, మొహం గోడ వైపు తిప్పుకుంటే చాలు. ఆ ఇళ్ళలో అంతకుమించిన తిట్టు లేదు.

ఇరవై రెండేళ్ళ కిందట, నేత్రావతికి పన్నెండేళ్ళప్పుడు, ఒక మధ్యాహ్నం నాలుగు మగ్గాలూ ఆడుతున్నాయి. అమ్మ భాగీరథమ్మ అటు తిరిగి మగ్గం మీద వంగి తెగిన పోగులు ముడి వేస్తోంది. నేత్రావతి ఒక మూల కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. ఆరేళ్ళ చెల్లెలు ఆశ వాకిట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి పెదాలు కదిపింది. సంపులో చెంబు పడింది అక్కా, తీస్తాము రా. వాకిట్లో నేలలోకి కట్టిన నీళ్ళ సంపు మూత ఆవేళ తెరిచే ఉంది. నేత్రావతికి ఒక్కో అక్షరం అద్దంలో చూసినట్టు తెలిసింది. కానీ పొద్దున ఆశ తన స్కెచ్ పెన్నుల ములుకులన్నీ నొక్కి పాడుచేసింది. ఆ కోపం ఇంకా దిగలేదు. నేత్రావతి మొహం గోడ వైపు తిప్పుకుంది.

ఆ తర్వాత సంగతి చెప్పక్కర్లేదు. పావుగంటకు కరెంటు పోయింది, మగ్గాలు ఆగాయి, ఆశా అని అమ్మ పిలిచిన పిలుపుకు ఇంట్లోంచీ బదులు రాలేదు, వాకిట్లోంచీ రాలేదు.

ఎవరికీ చెప్పకుండా వెళ్ళి సంపులో పడిందనుకున్నారు. పిలిచి ఉంటుంది, ఈ పాడు సద్దులో వినపడలేదు అని భాగీరథమ్మ గుండె బాదుకుంది. నేత్రావతి నోరు విప్పలేదు. ఆ నెలలోనే బెంగళూరు వచ్చేశారు. నాన్న ఆవులప్ప వాచ్‌మన్ పనిచేసి, చేసి, పోయాడు. అమ్మ గార్మెంట్స్‌లో కుట్టుమిషన్ల మధ్య పదిహేనేళ్ళు కూర్చుంది. మగ్గాలు సగం తిన్న చెవులను ఆ మిషన్లు పూర్తిగా తిన్నాయి. తొమ్మిదేళ్ళుగా ఆమెకు ఏమీ వినపడదు. మొహం చూసి, పెదాలు చదివి బతుకుతోంది. వర్తూరులో కింది వాటాలో తల్లీకూతుళ్ళు ఉంటారు. మేడమీది గదిలో దివ్య ఉంటుంది.

గురువారం మధ్యాహ్నం, లలిత్ కుర్చీ ఖాళీగా ఉండగా, నేత్రావతి తలుపు దగ్గరికి కుర్చీ జరుపుకుని ఐదో పాట విన్నది. భయమూ ఉంది, ఆరాటమూ ఉంది. మొహం తిప్పుకున్నాక చెల్లెలు తన వీపుతో ఇంకేమైనా అనిందేమోనన్న బెంగ ఆమెను ఇరవై రెండేళ్ళుగా తింటోంది. తిట్టిందేమో. ఏడ్చిందేమో. బతిమాలిందేమో. హోరు ఆగింది. పదకొండు సెకన్లు ఏసీ గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్ళీ వేసింది. మళ్ళీ అంతే. ఏడుసార్లు విన్నది.

అప్పుడు అర్థమైంది. వినపడని మాటలే అక్కడ వినపడతాయి. ఆశ తనతో అన్నది తనకు అప్పుడే అందింది. ఆ తర్వాత ఆశ ఏమీ అనలేదు. ఊరికే వెళ్ళిపోయింది. కానీ ఎందుకు ఏమీ అనలేదో నేత్రావతికి అంతుపట్టలేదు.

అమ్మ మగ్గం ఆ గుమ్మం పక్కనే. ఆ పిల్ల మళ్ళీ వాకిట్లోకి పోవాలంటే అమ్మ వెనకగా పోవాలి. అమ్మతో ఏమైనా అనుంటే? 'అక్కతో చెప్తే మొహం తిప్పుకుంది' అని అనుంటే? అమ్మ అటు తిరిగి ఉంది, పెదాలు చూడలేదు, చెవికి వినపడలేదు. ఆ మాట ఇరవై రెండేళ్ళుగా ఎక్కడో ఆగి ఉంది. ఆ పాట మోగితే వచ్చి చేరుతుంది. చెవిటి మనిషికి పాటేమిటి, ఎలా వింటుంది అని తనకు తనే చెప్పుకుంది. ఆ మాట తనకే నచ్చలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి భాగీరథమ్మ గోడకు రెండు అరచేతులూ ఆనించి నిలబడి ఉంది.

"ఏం మే నేత్రా, పైన ఎవురన్నా మగ్గం పెట్టినారా?" అంది. చెవులు పోయినవాళ్ళ గొంతు, వీధి చివరిదాకా వినపడేంత పెద్దది. "గోడ ఆడతాంది చూడు. పాదాల్లోకి వస్తాంది."

"మగ్గం కాదు మా," అంది నేత్రావతి, పెదాలు నిదానంగా కదుపుతూ. "దివ్య పాట పెట్టుకోనుండాది."

"పాటా ఇది? పాడు సద్దు." భాగీరథమ్మ చేతులు తీసేసింది. ఒక క్షణమాగి మళ్ళీ పెట్టింది. "ఎన్నాళ్ళాయనే ఇట్ల తెలిసి... నాకూ పెట్టమను, ఆ డబ్బా నా చేతికిమ్మను."

"చెడిపోయిందంట మా అది."

"చెడిపోయినదెట్ల ఆడతాందే?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేత్రావతి మొహం పక్కకు తిప్పుకుంది. మేడ మీదికి పోయి, సౌండు తగ్గించమని దివ్యను అడిగింది. అమ్మకు గుండెదడ అని అబద్ధం చెప్పింది. అయ్యో సారీ అక్కా అంది దివ్య. మంచి పిల్ల. మంచివాళ్ళతోనే వచ్చేది చిక్కంతా.

ఆదివారం పదకొండున్నరకు నేత్రావతి కూరగాయలకు వెళ్ళింది. బెండకాయలు ఏరుకుని, కొత్తిమీర కట్ట కోసం బేరమాడి, ఎండలో నడిచి వీధి మలుపు తిరిగేసరికి కాళ్ళ కింద నేల సన్నగా అదురుతోంది. మోత తమ ఇంట్లోంచే.

పరుగెత్తింది. చాప మీద దివ్య పెద్ద స్పీకరు పెట్టి ఉంది. దాని ముందు భాగీరథమ్మ కూర్చుని రెండు అరచేతులూ దానికి ఆనించి, చెంప కూడా ఆనించింది. కళ్ళు మూసుకుంది. నవ్వుతోంది.

"ఆంటీ గోడకి చేతులు పెట్టుకుని నిలబడ్డారక్కా. పాపం అనిపించింది. గుండెదడ ఏమీ లేదన్నారు," అంది దివ్య. "చూడండి, ఎంత ఎంజాయ్ చేస్తున్నారో! లలిత్ సర్‌కి వీడియో పంపనా?" అంతలో ఆమె ఫోను మోగింది. మాట్లాడుకుంటూ మెట్లెక్కి పైకి పోయింది.

ఐదో పాట నడుస్తోంది. నేత్రావతి స్విచ్ మీద వేలు పెట్టింది. ఒక్క నొక్కు నొక్కితే అయిపోయేది. కానీ అమ్మ మొహం చూసింది. ఇరవై రెండేళ్ళలో ఆ మొహం మీద అటువంటి వెలుగు చూడలేదు. సద్దులో సద్దుగా కలిసిపోయి, తలను మగ్గం లయకు ఊపుతూ, దారం నడిపిస్తున్నట్టు వేళ్ళు కదుపుతూ, అమ్మ పడుచుపిల్లలా ఉంది. వేలు కదలలేదు. నొక్కలేకపోయింది, అంతే. ప్రేమో, పిరికితనమో ఆమెకే తెలియదు.

హోరు ఆగింది.

గదిలో గడియారం కూడా ఆగినట్టయింది. వీధిలో ఒక స్కూటరు పోతోంది, దాని చప్పుడు రాలేదు. పైన దివ్య మాటలు రాలేదు. భాగీరథమ్మ కళ్ళు తెరిచింది. తల ఎడమ భుజం వైపు తిప్పింది, చిన్నపిల్ల వెనకనుంచి వచ్చి చీర చెంగు పట్టుకుంటే తిరిగినట్టు. కిందికి, ఆరేళ్ళ పిల్ల ఎత్తుకు చూసింది. అక్కడ ఏమీ లేదు. ఆమె మాత్రం వింటోంది. వింటూ "ఊఁ" అంది.

మళ్ళీ మోత మొదలైంది. నేత్రావతి స్విచ్ నొక్కింది.

"ఆశ," అంది భాగీరథమ్మ. ఈసారి గొంతు పెద్దగా లేదు. తొమ్మిదేళ్ళ తర్వాత తన గొంతు తనకు వినపడుతున్నట్టు మెల్లగా మాట్లాడింది. "ఆశ మే నేత్రా. నా యెనకాలనే నిలబడింది. 'అమ్మా, చెంబు సంపులో పడింది. అక్కతో చెప్పినా. అక్క లేస్తాంది, వస్తాది, నేను ముందు పోతా' అనింది."

నేత్రావతి చేతిలోని సంచి జారి బెండకాయలు నేలమీద పడ్డాయి.

అక్క లేస్తోందట. మొహం తిప్పుకుంటే, కండెలు పక్కన పెట్టి లేవడానికి తిరిగిందనుకుంది ఆ పిల్ల. మాట వద్దనుకున్నవాళ్ళు మొహం తిప్పుకుంటారని ఆరేళ్ళకు ఇంకా నేర్చుకోలేదు. అందుకే ఇంకేమీ అనలేదు. అక్క వస్తోందని ముందు పోయి, సంపు అంచున కూర్చుని, ఎదురుచూసింది.

భాగీరథమ్మ కూతురి మొహంలోకి చూసింది. "నీతో చెప్పిందంట గదా," అంది. "మగ్గాల సద్దుకు నీకు వినపడల్యా ఏమో. కండ్లకన్నా కనపడిందా నీకు? నువ్వు పోయినావా?"

నేత్రావతి పెదాలు విడివడ్డాయి. లేదు మా, నాకు కనపడలేదు మా అని రెండు మాటలు చాలు. అమ్మ తలుపు తీసి పెట్టింది, దూరిపోవడమే తరువాయి. ఆ మాట గొంతుదాకా వచ్చింది. అది బయటికి రాకముందే, అబద్ధమని భాగీరథమ్మ చదివేసింది. ముప్పైయేళ్ళు పెదాలు చదివిన మనిషి. మాట పుట్టేచోట వణుకు చూసినా చాలు ఆమెకు.

భాగీరథమ్మ మొహం గోడ వైపు తిప్పుకుంది.

"మా," అంది నేత్రావతి. ముందుకు వచ్చి భుజం పట్టుకుంది. భుజం కదలలేదు. చుట్టూ తిరిగి ఎదురుగా కూర్చుంటే, భాగీరథమ్మ కళ్ళు మూసుకుంది. చెవిటి మనిషి కళ్ళు మూసుకుంటే ఇక ఆ ఇంట్లో వాకిలి అనేదే లేదు.

చాలాసేపటికి, కళ్ళు తెరవకుండానే అరచేతులు మళ్ళీ స్పీకరుకు ఆనించి, "ఇంకోసారి పెట్టు," అంది.

నేత్రావతికి అమ్మ ఏమడుగుతోందో తెలిసింది. మొహం చూడను, పెదాలు చదవను, నీ మాట నాకు నీనుంచి వద్దు, దాన్నుంచి రానీ అంటోంది.

పాట పెట్టింది. సౌండు మొత్తం పెంచింది. గోడమీది క్యాలెండరు అదిరింది, గిన్నెలు గలగలలాడాయి. ఆ మోతలో అమ్మ వీపు వెనక నిలబడి నేత్రావతి నోరు విప్పింది. తన మాట తనకే వినపడలేదు.

"చెప్పింది మా. ఆశ నాతో చెప్పింది. నాకు కనపడింది మా, ఒక్కో మాటా కనపడింది. స్కెచ్ పెన్నులు పాడుచేసిందని కోపం నాకు. గోడ తట్టు తిరుక్కుంటి. వచ్చి మళ్ళీ అడుగుతాది, బతిమాలుతాది, అప్పుడు పోదామనుకుంటి. రాలేదు మా అది. నేనూ పోలేదు. కరెంటు పోయేదాకా కండెలు చుట్టుకుంటా కూసోనుంటి. నువ్వు గుండె బాదుకుంటాంటే చెప్పల్యా. నాయన పోయేటప్పుడన్నా చెప్పల్యా. నేను చంపినా మా దాన్ని."

గొంతు చిరిగేదాకా అరిచింది. చివరి మాట అయ్యేసరికి మోత ఆకాశానికెక్కి, టక్కున తెగింది.

పదకొండు సెకన్లు. నేత్రావతికి ఏమీ వినపడలేదు. అమ్మ వీపు మాత్రం కనపడుతోంది. మొదట మెడ బిగిసింది. తర్వాత పెదాల మధ్యనుంచి, పక్కన కూర్చుని చెప్తున్నవాళ్ళ మాట వెంబడి పలికినట్టు, సన్నగా వచ్చింది. "స్కెచ్ పెన్నులు..." అంది భాగీరథమ్మ. "కండెలు చుట్టుకుంటా..." అంది.

హోరు మళ్ళీ విరుచుకుపడింది. నేత్రావతి వంగి తీగ లాగేసింది. ఎండ కిటికీలోంచి చాప మీదికి పడుతోంది. ఎవరో వీధిలో పూలు అమ్ముకుంటూ పోతున్నారు.

భాగీరథమ్మ చేతులు స్పీకరు మీదనే ఉన్నాయి. కొట్టలేదు, తిట్టలేదు, ఏడవలేదు. నేత్రావతి ఆ మూడింటికీ సిద్ధంగా నిలబడింది. దేనికో ఒకదానికి కాళ్ళమీద పడిపోదామని ఉంది.

"మీ నాయన వద్దు వద్దని నా చేతులు పట్టుకున్న్యాడు," అంది భాగీరథమ్మ, గోడతో. "వినల్యా నేను. అవే నా బిడ్డను మింగినాయని నాలుగు మగ్గాలనూ సుత్తితో కొట్టి, పాత ఇనుము కింద తూకానికి ఏపిస్తి. మా నాయన కట్టించినవి."

అరచేత్తో స్పీకరును ఒకసారి మెల్లగా నిమిరింది.

"అవేం చేసినాయే పాపం?" అంది.